లెక్క ముందు, సూత్రం తర్వాత

(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా నల్లగండ్లలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పెన్షను ప్రభుత్వం దయతలచి విదిల్చేది కాదు, ఉద్యోగికి దక్కవలసిన హక్కు అని ఆ తీర్పు సారాంశం. ఈ రోజున ఏటా మనం కరువు భత్యం గురించీ, వైద్య ఖర్చుల గురించీ మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శి గారు "ఆదివారాలు పిల్లలకు లెక్కలు చెబుతున్నారు గదా, దాన్ని గురించి నాలుగు మాటలు చెప్పండి" అని అడిగారు. నేను ఉపాధ్యాయుణ్ణి కాను. ముప్పై ఏళ్ల పైచిలుకు ఖజానా లెక్కలు రాసిన గుమాస్తాను. కనుక పండితుడిలా కాక, గుమాస్తాగానే మాట్లాడతాను. దయచేసి వినవలసిందిగా మనవి.

మన నల్లగండ్ల సంగతి మీకు తెలియనిది కాదు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు ఇటు వైపు చెరువు, పొలాలు, రాళ్లగుట్టలు. ఇప్పుడు తలెత్తి చూస్తే మెడ పట్టేసే భవనాలు. ఈ భవనాల్లో రెండు రకాల పిల్లలున్నారు. పై అంతస్తుల్లో ఉండే ఇంజనీర్ల పిల్లలు ఒక రకం. ఆ భవనాలు కట్టడానికి, ఊడవడానికి, కాపలా కాయడానికి వచ్చినవారి పిల్లలు రెండో రకం. మొదటివారు ఆరో తరగతి నుంచే జె.ఇ.ఇ. కోచింగులో ఉంటారు. రెండోవారు ప్రభుత్వ పాఠశాలకు వెళతారు. మా నలుగురు పెన్షనర్ల దగ్గరికి ఆదివారం ఉదయం ఈ రెండు రకాలవారూ వస్తారు. తమాషా ఏమిటంటే ఇద్దరికీ లెక్కలంటే భయమే. ఒకరికి సూత్రం కంఠతా వచ్చు, అది దేనికో తెలియదు. ఇంకొకరికి బజారులో పైసా తేడా రాకుండా చిల్లర ఇవ్వడం వచ్చు, కాని అదే లెక్క పుస్తకంలో కనబడితే చెమటలు పడతాయి.

ఇక విషయానికి వస్తాను. జి.పి.ఎఫ్. ఖాతాకు ఏడాది వడ్డీ ఎలా కట్టేవాళ్లమో గుర్తుందా? పన్నెండు నెలల నిల్వలూ వరుసగా వేసి, కూడి, వడ్డీ రేటుతో గుణించి, 1200తో భాగించేవాళ్లం. కొత్తగా చేరిన ఉద్యోగి నెలకు నూరు రూపాయలు కడితే నిల్వలు 100, 200, 300, అలా చివరి నెలకు 1200. అన్నీ కూడితే 7800. 1986-87 నుంచి 1999-2000 దాకా కేంద్ర ప్రభుత్వం జి.పి.ఎఫ్. మీద ఇచ్చిన వడ్డీ నూటికి 12. ఆ లెక్కన ఏడాది వడ్డీ సరిగ్గా 78 రూపాయలు.

ఈ 78 ఎక్కడిది? నూటికి ఏడాదికి 12 అంటే నెలకు రూపాయి. మొదటి నెల కట్టిన నూరు పన్నెండు నెలలు ఉంటుంది, 12 రూపాయలు తెస్తుంది. రెండో నెలది 11 తెస్తుంది. చివరి నెలది ఒక్క రూపాయి. పన్నెండు, పదకొండు, పది... ఒకటి. చింతగింజలు పేర్చి చూపిస్తే ఇవి మెట్లలాగా కనబడతాయి. అలాంటి మెట్ల వరుస ఇంకొకటి చేసి, తిరగేసి దానిపక్కన అమర్చండి. వరుసకు 12 గింజల చొప్పున 13 వరుసలున్న దీర్ఘచతురస్రం వస్తుంది. మొత్తం 156 గింజలు. అందులో సగం 78. పదో తరగతి పుస్తకంలో శ్రేఢుల పాఠంలో ఉన్న సూత్రం ఇదే. మన ఆఫీసుల్లో ఎంతమంది గుమాస్తాలు ఈ సూత్రం పేరు తెలియకుండానే ఏళ్ల తరబడి దానితో కాపురం చేశారో!

ఈ పాఠానికి పుస్తకాల్లో ఒక కథ చెబుతారు. గాస్ అనే జర్మన్ పిల్లవాణ్ణి 1 నుంచి 100 దాకా కూడమని పంతులు గారు అడిగితే, క్షణంలో 5050 అన్నాడట. కథ బాగానే ఉంటుంది. నేనూ చెప్పాను. చెప్పగానే పదో తరగతి చదివే ఒక అమ్మాయి అడిగింది: "ఒకటి నుంచి నూరు దాకా గవన్నీ ఎందుకు కలపాలె సార్? ఎవలకు అవసరం?"

మంచి ప్రశ్న. ఆ పంతులు గారికి కూడా అవసరం లేదు, పిల్లలు కాసేపు గోల చేయకుండా ఉంటారని ఇచ్చాడంటారు.

ఆ అమ్మాయిది పాలమూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. తల్లి భవనాల దగ్గర ఇడ్లీ బండి పెడుతుంది. అమ్మాయి పేరు ఇక్కడ అనవసరం. పదో తరగతి కాగానే చదువు మానేసి బండి దగ్గర నిలబడతానని, లెక్కలు తన తలకెక్కవని మొదటి వారమే మాతో చెప్పింది. ఒక ఆదివారం ఆమె నోటుపుస్తకంలోంచి ఒక అట్టకార్డు జారి పడింది. దాని మీద వంద గళ్లు. కొన్నింటిలో పొట్టి సంతకాలు. అది డైలీ ఫైనాన్సు కార్డు. మీలో బజారు అప్పులు తెలిసినవారికి చెప్పనక్కరలేదు. తెలియనివారి కోసం చెబుతాను. పదివేల అప్పు అంటారు. వడ్డీ కింద వెయ్యి ముందే పట్టుకుని చేతికి తొమ్మిది వేలు ఇస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. కట్టినరోజు గడిలో సంతకం పెడతారు. "వడ్డీ ఎంతమ్మా?" అని అడిగితే "నూటికి పదే గద సార్" అంది.

అప్పుడు గాస్‌ను పక్కన పెట్టి, ఆ కార్డునే బల్ల మీద పెట్టాం.

రోజూ కట్టే వందలో 90 అసలు, 10 వడ్డీ అనుకుందాం. మొదటి రోజు ఆ తల్లి వాడుకుంటున్నది 9000. రెండో రోజు 8910. మూడో రోజు 8820. అలా తగ్గుతూ చివరి రోజు ఆమె చేతిలో ఉన్నది 90 మాత్రమే. కాని వడ్డీ మాత్రం మొత్తం తొమ్మిది వేలూ వంద రోజులూ వాడుకున్నట్టు కట్టించుకున్నారు. నిజంగా ఎంత సొమ్ము ఎన్ని రోజులు వాడుకుందో తేలాలంటే వంద నిల్వలూ కూడాలి. మన జి.పి.ఎఫ్. లెడ్జరే, కాకపోతే తలకిందులు. మనకు మెట్లు పైకి వెళ్లాయి, ఆమెకు కిందికి దిగాయి.

అమ్మాయి పుస్తకంలో 9000, 8910, 8820 అని రాయడం మొదలుపెట్టింది. ఏడెనిమిది వరుసలయ్యాక ఆగింది. అన్నీ 90 గుణకాలే అని తనే గమనించింది. తొంభైని బయటికి తీస్తే మిగిలేవి 100, 99, 98... 1. కాసేపు ఆ వరుసను చూసి "గా 5050 ఇక్కడున్నది సార్" అంది.

90ని 5050తో గుణిస్తే 4,54,500. అంటే ఒక్క రూపాయిని 4,54,500 రోజులు వాడుకున్నట్టు. దానికి కట్టిన వడ్డీ వెయ్యి. ఇక త్రైరాశికమే. నూరు రూపాయలు ముప్పై రోజులు వాడుకుంటే 6 రూపాయల 60 పైసలు. ఏడాదికి నూటికి సుమారు 80. "నూటికి పది" అన్నమాట అసలు రంగు అది. అదే సంవత్సరంలో మన నిల్వ సొమ్ము మీద బ్యాంకు ఎంత ఇస్తున్నదో మీకు తెలుసు.

ఈ లెక్క వల్ల ఆ ఇంటి అప్పు తీరిపోయిందని చెబితే అది సినిమా అవుతుంది. అమ్మాయి వెళ్లి తల్లికి చెప్పింది. తల్లి మర్నాడు నాకు ఇడ్లీ పొట్లం కడుతూ అంది: "నాకు తెల్వదా సార్, ఎక్కువ గుంజుతున్నడని? పొద్దుగూకేసరికి పదివేలు చేతుల పెట్టేటోళ్లు ఇంకెవలున్నరు?" దానికి నా దగ్గర జవాబు లేదు. కాని అమ్మాయి అక్కడితో ఆగలేదు. కార్డు నిండిన తర్వాత కూడా అదే వంద రోజూ డబ్బాలో వేస్తే తొంభై రోజుల్లో తొమ్మిది వేలు మనవే అవుతాయి గదా అని తల్లితో వాదన పెట్టుకుంది. వానాకాలంలో బేరం ఉండదు, తొంభై కాదు, నూటపది రోజులు పడుతుందని తల్లి సవరణ. ఇద్దరూ కలిసి ఇంకో లెక్క వేసుకున్నారు. మరొక సంగతి. ముందుగా మొత్తం కట్టేస్తే ఫైనాన్సు అతను వడ్డీలో కొంత తిరిగి ఇస్తాడా, ఇస్తే ఎంత ఇవ్వాలి అని ఆ పిల్ల నన్ను అడిగింది. ఇవ్వడు. కాని ఎంత ఇవ్వాలో లెక్క వేసి పెట్టుకుంది. ఇప్పుడు ఇంటర్మీడియెట్‌లో గణితం గ్రూపు తీసుకుంటానంటున్నది.

ఇదేదో నేను కనిపెట్టిన పద్ధతి అనుకోకండి. తెలుగులో తొలి గణిత గ్రంథంగా చెప్పుకునే పావులూరి మల్లన గారి సారసంగ్రహ గణితం నిండా సమస్యలే. మల్లన గారు రాజరాజ నరేంద్రుని కాలంవాడని, అంటే పదకొండో శతాబ్దివాడని కొందరు పండితుల అభిప్రాయం. ఆయనకు మూలం మహావీరాచార్యుల సంస్కృత గణితసారసంగ్రహం. మహావీరుడు రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంలో, సుమారు 850లో ఆ గ్రంథం రాశాడు. దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీ ఆచార్యులు ఎం. రంగాచార్య గారు ఇంగ్లీషు అనువాదంతో 1912లో అచ్చు వేయించారు. ఆ పుస్తకంలో గుణకారం నేర్పే తీరు చూడండి. గుణిస్తే అందమైన హారంలాంటి సంఖ్య వచ్చే లెక్కలు ఇచ్చాడు. 12345679ని 9తో గుణించండి, తొమ్మిది ఒకట్లు వస్తాయి. 152207ని 73తో గుణించండి, ఎనిమిది ఒకట్లు వస్తాయి. 142857143ని 7తో గుణిస్తే రెండు చివరలా ఒకట్లు, మధ్యలో ఎనిమిది సున్నాలు. మా ఆదివారం పిల్లలకు ఇవి ఇచ్చాను. "ఇంకొకటివ్వండి తాతయ్యా" అని వెంటపడి గుణకారాలు చేశారు. మామూలుగా ఒక్క గుణకారానికే ముఖం ముడుచుకునే పిల్లలు! వెయ్యేళ్లు దాటినా ఆ ఎర ఇంకా పనిచేస్తున్నది.

భాస్కరాచార్యుల లీలావతి 1150 నాటిది. అందులో తామర మొగ్గ లెక్క ఉంది. నీటి మీదికి జానెడు ఎత్తున మొగ్గ కనబడుతోంది. గాలికి కాడ వంగి, ఉన్న చోటికి రెండు మూరల దూరంలో నీట మునిగింది. నీటి లోతెంత? పిల్లలు మొదట "లోతు ఎలా తెలుస్తుంది, దిగి చూడాలి" అంటారు. దిగకుండా తెలుసుకోవడమే గణితం. కాడ పొడవు మారదు, అది లోతుకంటే అర మూర ఎక్కువ. నిలువు లోతు, అడ్డం రెండు మూరలు, వాలుగా కాడ, ఈ మూడూ కలిసి లంబకోణ త్రిభుజం. పైథాగరస్ సిద్ధాంతం పెడితే లోతు మూడు ముప్పాతిక మూరలు. అంటే ఐదున్నర అడుగుల పైమాట. "దిగితే మునుగుతం" అన్నాడు ఒక చిన్నవాడు. త్రిభుజం పాఠం వాడికి ఆ క్షణంలో అర్థమైంది.

సరే, తామరలు చూపిద్దామని పిల్లల్ని మన చెరువు గట్టుకు తీసుకెళ్లాం. తామరలు లేవు. గుర్రపుడెక్క ఉంది. అధికారులను ఇక్కడ తిట్టదలచుకోలేదు, అది వేరే సభ పని. గుర్రపుడెక్క కూడా మంచి లెక్కే. అనుకూలంగా ఉంటే అది రెండు వారాల్లో రెట్టింపవుతుంది. చెరువు సగం కప్పేసిందనుకోండి. మొత్తం కప్పడానికి ఎంతకాలం? సగం కప్పడానికి నెలలు పట్టింది కాబట్టి మిగతా సగానికీ నెలలే అని పిల్లలే కాదు, పెద్దలూ అంటారు. రెండు వారాలే. పదహారో వంతు ఉన్నప్పుడే చూసినవాడికి ఎనిమిది వారాల గడువుంటుంది. సగం అయ్యాక చూసినవాడికి పదిహేను రోజులు లేవు. గుణశ్రేఢి అనే మాట ఇంకా చెప్పకముందే పిల్లలకు దాని వేగం కంటికి కనబడింది.

అక్కడినుంచి మళ్లీ మల్లన గారి దగ్గరికి. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, తర్వాతి గడిలో రెండు, ఆపై నాలుగు, అలా అరవైనాలుగు గళ్లకూ రెట్టింపు చేస్తే మొత్తం ఎంత? ఆ జవాబు చెప్పే పద్యం ఒకటి ఆయన పేర ప్రసిద్ధం. 1,84,46,74,40,73,70,95,51,615. ఇరవై అంకెలు. ఈ అంకెలన్నీ మాటల్లో బిగించి పద్యం చేశారు. చంద్రుడంటే ఒకటి, వేదాలంటే నాలుగు, శరాలంటే మన్మథుని బాణాలు కనుక ఐదు, గగనమంటే సున్నా. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి చదువుకుంటూ పోవాలి. కాలిక్యులేటరు లేని రోజుల్లో ఇరవై అంకెలు తప్పులేకుండా తరతరాలు నిలిచాయంటే ఆ పద్యం చలవే. మా మనవడు ఫోనులో సరిచూశాడు. ఒక్క అంకె తేడా లేదు. వాడి ముఖం చూడవలసింది.

ఈ మనవడి సంగతి కూడా చెప్పాలి. ఇంటర్ చదువుతున్నాడు. వాళ్ల పుస్తకంలో 2.718 అనే సంఖ్య పేజీపేజీకీ వస్తుంది. "ఇది ఎక్కడినుంచి వచ్చిందిరా?" అంటే "స్థిరసంఖ్య తాతయ్యా, అంతే" అన్నాడు. మన పెద్దలు వినాయకుడి తొండం ఎటు తిరగాలో అడిగితే "సంప్రదాయం" అన్నట్టు! అది వడ్డీ లెక్కలోంచి వచ్చింది. 1683లో జాకబ్ బెర్నూలీ అనే స్విట్జర్లాండు గణితవేత్త వేసుకున్న ప్రశ్న ఇది. రూపాయికి ఏడాదికి రూపాయి వడ్డీ అనుకోండి. ఏడాది చివర ఒకేసారి కడితే రెండు రూపాయలు. ఆరు నెలలకోసారి చక్రవడ్డీ కడితే 2 రూపాయల 25 పైసలు. మూడు నెలలకోసారైతే 2.44, నెలకోసారైతే 2.61, రోజుకోసారైతే 2.71. గంటకోసారి, క్షణానికోసారి కడితే కోట్లు అవుతాయా? కావు. 2 రూపాయల 72 పైసలు ఎన్నటికీ ముట్టదు. అత్యాశకు గణితం వేసిన గట్టు అది. మనవడు పెన్నూ కాగితమూ తీసుకుని గంట కూర్చున్నాడు. కోచింగులో ఆ సూత్రం మీద వందల ప్రశ్నలు చేశాడు, ఈ ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదట.

ఒక్కోసారి ప్రశ్న పిల్లల వైపు నుంచి వస్తుంది. దానికి గొప్ప ఉదాహరణ మన వీధి చివరే ఉంది. యూనివర్సిటీ పక్కగా వెళ్లే ప్రొఫెసర్ సి.ఆర్. రావు రోడ్డు మీద రోజూ ట్రాఫిక్కులో నిలబడి విసుక్కుంటాం. ఆ పేరు ఎవరిదో పిల్లలకు చెప్పామా? కల్యంపూడి రాధాకృష్ణారావు గారు 1920 సెప్టెంబరు 10న, ఇప్పటి కర్ణాటకలోని హడగలిలో, తెలుగు కుటుంబంలో పుట్టారు. ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరు పెట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఎ. చేసి, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లారు. కలకత్తా విశ్వవిద్యాలయంలో ఆయన పాఠం చెబుతున్నప్పుడు జరిగింది ఈ సంగతి. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తాం గదా, అలా కొద్ది నమూనాతో మొత్తాన్ని అంచనా కట్టే శాస్త్రం అది. నమూనా చాలా పెద్దదైనప్పుడు అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో చెప్పే ఫలితం ఆయన బోర్డు మీద వివరిస్తున్నారు. వి.ఎం. దండేకర్ అనే విద్యార్థి లేచి, పెద్ద నమూనాలకు సరే, చిన్న నమూనాలకు కూడా ఇలాంటిది నిరూపించవచ్చా అని అడిగాడు. రావు గారు ఇంటికి వెళ్లి ఆ రాత్రి కూర్చుని సాధించి, మర్నాడు తరగతిలో చెప్పారు. అది 1945లో అచ్చయింది. అప్పటికాయన వయస్సు పాతికేళ్లు. ఎంత తెలివైన పద్ధతి వాడినా అంచనాలో తప్పును ఇంతకంటే తగ్గించలేం అని చెప్పే ఆ హద్దును ఈనాడు ప్రపంచమంతా క్రామెర్-రావు అసమానత అంటున్నది. ఆ విద్యార్థి దండేకర్ తర్వాత పేదరికం మీద పరిశోధించిన పెద్ద ఆర్థికవేత్త అయ్యారు. రావు గారికి 2023లో, నూటరెండేళ్ల వయస్సులో, అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ఇచ్చినప్పుడు ఆ 1945 నాటి వ్యాసాన్నే ప్రస్తావించారు. అదే ఏడాది ఆగస్టు 22న ఆయన కన్నుమూశారు. ఆయన పేర ఉన్న గణిత సంస్థ యూనివర్సిటీ ఆవరణలోనే, మన ఇళ్లకు నడకదూరంలో ఉంది.

ఆ రోజు ఆ తరగతిలో "సిలబస్‌లో లేదు, కూర్చో" అని ఉంటే? ఇడ్లీ బండి అమ్మాయి "ఎందుకు కలపాలె" అన్నప్పుడు నాకు ఈ సంగతే గుర్తొచ్చింది.

మా ఆదివారం బృందంలో లెక్కల మాస్టారుగా రిటైరైన మిత్రుడొకరున్నారు. ఆయన నాతో ఏకీభవించరు. "కథలు చెప్పుకుంటూ కూర్చుంటే ఎక్కాలెప్పుడు వస్తాయండీ?" అంటారు. అందులో నిజముంది. ఏడు తొమ్ముదులెంతో తడుముకునే పిల్లవాడికి ఏ సమస్య ఇచ్చినా సగంలో అలసిపోతాడు. ఎక్కాలు రావలసిందే, దానికి రాజీ లేదు. మాస్టారు గారు మొదటి అరగంట ఎక్కాలు వప్పచెప్పించుకుంటారు, తర్వాతి గంట నాది. అలా ఒప్పందం చేసుకున్నాం.

అలాగని ప్రతి లెక్కకూ ఒక కథ తగిలిస్తే సరిపోదు. తొట్టికి ఒక కొళాయి నింపుతుంది, ఇంకోటి ఖాళీ చేస్తుంది అనే లెక్క మనందరం చేశాం. ఆ రెండో కొళాయి ఎవడు వదిలాడు, కట్టేయవచ్చు గదా అని ఏ పిల్లవాడైనా అనుకుంటాడు. అదే లెక్కను మన అపార్టుమెంటు సంపుకు మార్చండి. వేసవిలో ట్యాంకరు గంటకు ఇంత పోస్తోంది, మోటారు పైకి ఇంత లాగుతోంది, తొమ్మిదింటికి నీళ్లు ఉంటాయా ఉండవా? ఈసారి జవాబు కోసం తల్లులు కూడా ఎదురుచూస్తారు. జవాబు తెలిస్తే ఎవరికో ఏదో తేలాలి, అప్పుడే అది లెక్క. మరొక జాగ్రత్త. పాత పద్ధతితో కొంత దూరం పోయి ఆగిపోయేటంత కష్టం ఉండాలి. మొదటి అడుగే పడకపోతే భయపడతారు. ఆగకుండా జవాబు వచ్చేస్తే కొత్త సూత్రం అవసరమే కనబడదు. ఆ అమ్మాయి ఏడెనిమిది వరుసలు రాసి ఆగింది చూశారా, ఆ ఆగిన చోటే సూత్రం చెప్పాలి. ముందు చెబితే వినదు.

పిల్లల సంగతి అయింది. ఇప్పుడు మీకు ఒక లెక్క ఇస్తాను.

కమ్యుటేషను మనందరం చేసుకున్నాం. నెలనెలా వచ్చే పెన్షనులో కొంత భాగం వదులుకుని, దానికి బదులు ఒకేసారి మొత్తం తీసుకోవడం. వదులుకున్న భాగం పదిహేనేళ్ల తర్వాత తిరిగి కలుస్తుంది. కేంద్ర ప్రభుత్వ పట్టికలో, అరవై ఏళ్లకు రిటైరైనవారికి, అంటే వచ్చే పుట్టినరోజుకు 61 నిండేవారికి, గుణకం 8.194. దాన్ని పన్నెండుతో గుణిస్తే, నెలకు ఒక రూపాయి వదులుకున్నందుకు చేతికి వచ్చేది 98 రూపాయల 33 పైసలు. పదిహేనేళ్లలో, అంటే 180 నెలల్లో, మన నుంచి తగ్గించేది 180 రూపాయలు. పైన కట్టింది 81 రూపాయల 67 పైసలు. పన్నెండేళ్లకే తిరిగి కలపాలని మన సంఘాలు అడుగుతున్నాయి గదా. అడిగేముందు మనం కడుతున్న వడ్డీ ఎంతో తెలియాలా వద్దా?

ఇడ్లీ బండి లెక్కలాగే మెట్లు కట్టి చూశాను. నెలనెలా అసలు సమానంగా తీరుతోందనుకుని, 1 నుంచి 180 దాకా కూడి, వడ్డీ కట్టాను. ఏడాదికి నూటికి 11 వచ్చింది. తర్వాత బ్యాంకువాళ్లు ఇంటి అప్పుకు కట్టే పద్ధతిలో, ప్రతి నెలా మిగిలిన అసలు మీద వడ్డీ లెక్కించి చూశాను. నూటికి 9 దగ్గరే తేలింది. అవే 98 రూపాయలు, అవే 180 నెలలు. మరి ఆ రెండు రూపాయలు ఎక్కడికి పోయాయి? మొదటి నెల కట్టే రూపాయిలో అసలెంత, వడ్డీ ఎంత అనే దగ్గర పట్టుకుంటే దారి దొరుకుతుంది. ఇంతకంటే చెప్పను. పదిహేనేళ్లు నిండకుండానే కాలం చేసినవారి దగ్గరినుంచి ప్రభుత్వం మిగతాది రాబట్టుకోదు, దాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే ఏమవుతుందన్నది ఇంకో ఆదివారం సంగతి.

పిల్లలతో పాటు ఈ లెక్క మీద కూర్చోదలచినవారు వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు రండి. ఇంట్లో పాత జి.పి.ఎఫ్. చీటీలు ఎవరి దగ్గరైనా దాచి ఉంటే వెంట తెండి, పిల్లలకు చూపించాలి. కాగితాలు, పెన్సిళ్లు మా దగ్గర ఉన్నాయి. కళ్లజోళ్లు మాత్రం ఎవరివి వారే తెచ్చుకోవాలి.